కావాలని పాడుచేసి దాచే వైన్

లిస్బన్‌లో ఆఫీసు పని అయ్యాక శని ఆదివారాలు మదీరా వెళ్ళొస్తానని ఇంటికి ఫోన్ చేస్తే మా నాన్న కాసేపు ఆగి "మధిరా? ఖమ్మం దగ్గర మధిరా? అంత దూరం పోయి మధిరకెందుకురా" అన్నారు. అదొక దీవి అని, అక్కడి వైన్ బాగా ఫేమస్ అని చెప్పాక "అయితే మదిర దొరికే మదీరా అన్నమాట" అని ఆయనే నవ్వుకున్నారు. నిజానికి ఆ పోలిక ఉత్త కాకతాళీయం. సంస్కృతం నుంచి మనకొచ్చిన మదిరకీ ఆ దీవి పేరుకీ ఏ చుట్టరికమూ లేదు, పోర్చుగీసులో మదీరా అంటే కలప. 1419 ప్రాంతంలో పోర్చుగీసు నావికులు అక్కడ దిగేసరికి దీవంతా అడవేనట, అందుకని ఆ పేరు. ఈ కలప అన్న మాట కాస్త గుర్తుపెట్టుకోండి, చివరిదాకా దీనితోనే పని.

రాజధాని పేరు ఫుంచాల్. అది సోంపు మొక్క పేరు మీద వచ్చిందని చెప్తారు, వాళ్ళ భాషలో సోంపుని ఫుంచో అంటారు. ఊరి మధ్యలోనే పాత వైన్ గిడ్డంగులు ఉంటాయి, టికెట్ కొనుక్కుని లోపలికెళ్తే చెక్క మెట్లు, చెక్క దూలాలు, చీకట్లో వరసగా పీపాలు, గాలి పీలిస్తే చాలు సగం కిక్కు. అక్కడ చివర్లో డబ్బులిచ్చి ఓ చిన్న గ్లాసు పోయించుకున్నా, 30 మి.లీ. ఉంటుందేమో. సీసా మీద టెర్రాంతెజ్ అని, 1977 అని ఉంది. తెల్ల ద్రాక్షతో చేసిన తెల్ల వైన్ అది. గ్లాసులో మాత్రం చిక్కటి టీ డికాషన్ రంగులో ఉంది, గ్లాసు వంచితే అంచు దగ్గర మాత్రం ఆకుపచ్చ ఛాయ. నోట్లో పెట్టుకుంటే ముందు తీపి, వెంటనే దాన్ని కోసేసే పులుపు, ఆఖర్న నాలుక వెనకాల ఒక సన్నటి చేదు, ఆ చేదు పోయిందనుకుంటే మళ్ళీ వచ్చింది, గిడ్డంగి బయటికొచ్చి సముద్రం దాకా నడిచాక కూడా అది నోట్లోనే ఉంది. నాకు అర్థం కానిదల్లా ఒకటే, ఇన్ని దశాబ్దాల నాటి తెల్ల వైన్, ఫ్రిజ్ కాదు సెల్లార్ కాదు, ఎండ కాసే మేడ మీద అటకలో పెట్టింది, ఇంత ప్రాణంతో ఎలా ఉంది?

మామూలు వైన్ సంగతి ముందు చూద్దాం. సీసా మూత తీసి మూడు నాలుగు రోజులు వంటింట్లో వదిలేస్తే గాలి తగిలి దాని పని అయిపోతుంది, ఇంకొన్నాళ్ళు ఉంచితే వెనిగర్ దారి పడుతుంది. వేడి తగిలితే ఇంకా తొందరగా పోతుంది, మే నెలలో హైదరాబాద్ ఎండకి కారు డిక్కీలో మర్చిపోయిన వైన్ సీసా ఎప్పుడన్నా తీసి చూస్తే తెలుస్తుంది, కార్క్ పైకి తన్నుకొచ్చి ఉంటుంది, లోపలిది ఉడకబెట్టిన పండ్ల రసంలా ఉంటుంది. వైన్ ఎంత పాతదైతే అంత గొప్పది అని మనలో చాలామంది గట్టిగా నమ్ముతారు కానీ ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో చాలా భాగం రెండు మూడేళ్ళలో తాగేయాల్సిందే, తెల్లదైతే మరీను. మదీరావాళ్ళు చేసేదేంటంటే, వైన్‌ని చంపే ఆ రెండూ, వేడీ గాలీ, వాళ్ళే ముందుగా తీరిగ్గా ఏళ్ళ తరబడి పెట్టేస్తారు. జరగాల్సిన చెడంతా వాళ్ళ కళ్ళ ముందే జరిగిపోతుంది, ఇంక సీసాలోకి వచ్చాక దానికి కొత్తగా ఏమవుతుంది. ఎండిన మిరపకాయ ఇంకేం ఎండుతుంది చెప్పండి.

ఈ పద్ధతిని సముద్రమే నేర్పింది వాళ్ళకి. ఫుంచాల్ రేవు అట్లాంటిక్‌లో సరిగ్గా దారిలో ఉంటుంది, ఇంగ్లండ్ నుంచి అమెరికాకీ వెస్టిండీస్‌కీ పోయేవీ, ఆఫ్రికా చుట్టి ఇండియాకి పోయేవీ చాలా ఓడలు నీళ్ళకీ సరుకులకీ అక్కడ ఆగేవి, పనిలో పనిగా వైన్ పీపాలు ఎక్కించుకునేవి. ఈస్టిండియా కంపెనీ ఓడల్లో ఆ పీపాలు మద్రాసుకీ కలకత్తాకీ వచ్చేవి, అప్పట్లో ఇక్కడ ఉద్యోగాలు చేసిన దొరల భోజనాల బల్ల మీద మదీరా మామూలు సరుకు. దారిలో పులిసిపోకుండా అందులో ద్రాక్ష సారాయి కలపడం 18వ శతాబ్దంలో అలవాటైంది, ఇలా సారాయి కలిపి బలం పెంచిన వైన్లనే ఫోర్టిఫైడ్ వైన్లు అంటారు, పోర్ట్, షెర్రీ కూడా ఈ కుటుంబమే. అయితే అసలు తమాషా సారాయిలో లేదు. ఓడ అడుగున నెలల తరబడి ఉడుకుతూ, ఊగుతూ, భూమధ్యరేఖ దాటి, అమ్ముడుపోక మళ్ళీ అదే దారిలో తిరిగొచ్చిన పీపాలు తెరిచి చూస్తే వైన్ బయల్దేరినప్పటికంటే బాగుంది! దాన్ని వీన్యో ద రోదా అన్నారు, చుట్టి తిరిగొచ్చిన వైన్ అని అర్థం. తర్వాత్తర్వాత వ్యాపారులు కావాలనే పీపాల్ని ఓడెక్కించి ఉష్ణమండలం తిప్పి తెప్పించడం మొదలుపెట్టారు, అంటే ఇండియా దాకా వచ్చి వెళ్ళిందంటే అది సరుకుకి ఒక అర్హత అన్నమాట. అమెరికాలోనైతే ఏ ఓడలో వచ్చిందో ఆ ఓడ పేరుతోనే వైన్‌ని పిలుచుకున్న రోజులున్నాయి.

అమెరికా మాట వచ్చింది కాబట్టి చిన్న పక్కదారి. 1663 నాటి ఇంగ్లీషు చట్టం ప్రకారం యూరప్ సరుకులు ఏవైనా ముందు ఇంగ్లండ్ వచ్చి అక్కణ్ణుంచే అమెరికా వలసలకి వెళ్ళాలి, మదీరా వైన్‌కి మాత్రం మినహాయింపు ఇచ్చారు, నేరుగా పోవచ్చు. దాంతో అక్కడి పెద్దమనుషులందరికీ అదే వైన్ అలవాటైపోయింది. 1768లో బోస్టన్‌లో జాన్ హాంకాక్ అనే వ్యాపారి ఓడ ఒకటి, దాని పేరు లిబర్టీ, మదీరా పీపాలు సుంకం కట్టకుండా దింపేశారన్న ఆరోపణ మీద కస్టమ్స్ వాళ్ళు పట్టుకుంటే ఊళ్ళో పెద్ద గొడవ అయింది. ఆ హాంకాకే 8 ఏళ్ళ తర్వాత అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద అందరికంటే పెద్ద సంతకం పెట్టాడు.

సరే, ఓడల కాలం అయిపోయింది, మరి ఆ వేడి ఇప్పుడెక్కణ్ణుంచి తేవాలి? రెండు దారులున్నాయి, ధరల తేడా అంతా ఇక్కడే మొదలవుతుంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. ఒకటి ఎస్తుఫాజెం, పెద్ద స్టీల్ ట్యాంకులో వైన్ పోసి, లోపల గొట్టాల్లో వేడి నీళ్ళు తిప్పి, 45 నుంచి 50 డిగ్రీల దగ్గర కనీసం 3 నెలలు ఉంచుతారు. సూపర్ మార్కెట్లో పదిహేను, ఇరవై యూరోలకి దొరికేవి, వంటల్లో పోసుకునేవి ఎక్కువగా ఇవే. తప్పేం లేదు, కానీ కుక్కర్‌లో మూడు విజిల్స్‌కి వండిన పప్పుకీ, కుండలో కట్టెల పొయ్యి మీద సన్న సెగకి మగ్గిన పప్పుకీ ఎంత తేడానో అంత తేడా. రెండోది కాంతేయిరో. గిడ్డంగుల పై అంతస్తుల్లో, కప్పు కింద, పీపాలు మోసే చెక్క దూలాల పేరు అది. ఆ పీపాల్లో పోసి వదిలేస్తారు, అంతే. ఎండాకాలం వేడెక్కుతుంది, చలికాలం చల్లబడుతుంది, పీపా చెక్కలోంచి గాలి కొంచెం కొంచెం లోపలికి పోతూ ఉంటుంది, లోపలిది కొంచెం కొంచెం ఆవిరై బయటికి పోతూ ఉంటుంది. ముందు వేడి ఎక్కువుండే పై అంతస్తులో పెట్టి, వయసు పెరిగేకొద్దీ కింది అంతస్తులకి దింపే పద్ధతి కూడా ఉంది. మనింట్లో జాడీ ఊరగాయని ముందు ఎండకి పెట్టి తర్వాత అటక మీదికి చేర్చినట్టే, దిక్కు మాత్రం తలకిందులు.

ఇప్పుడు పీపా లోపల ఏం జరుగుతుందో చూద్దాం, నాకు ఈ కథలో బాగా నచ్చిన భాగం ఇదే. నీళ్ళు ఆవిరయ్యేకొద్దీ మిగిలినదాంట్లో చక్కెరా పులుపూ చిక్కబడతాయి. చక్కెర వేడికీ కాలానికీ మెల్లగా ఎర్రబడి, పాకం ముదిరినట్టు, బెల్లం మాగినట్టు అవుతుంది. రంగు తెలుపు నుంచి బంగారం, బంగారం నుంచి తేనె, తేనె నుంచి డికాషన్. (ఎర్ర ద్రాక్షతో చేసింది ఎదురు దారిలో ఎరుపు పోగొట్టుకుని అదే గోధుమ రంగుకి వచ్చి చేరుతుంది, ముసలితనంలో అందరూ ఒకేలా కనిపించినట్టు.) వీటన్నిటితో పాటు సొటొలాన్ అనే ఒక పదార్థం పుడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ పెరుగుతుంది, తీపి ఎక్కువున్న వైన్‌లో ఇంకా పెరుగుతుంది. దీని వాసన కొంచెం ఉంటే పాకంలా, మేపుల్ సిరప్‌లా ఉంటుంది, ఎక్కువైతే ఏమనిపిస్తుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, ఎందుకంటే అది మెంతుల వాసన. పోలిక కోసం అనడం లేదు, మెంతుల వాసనకి ముఖ్య కారణం నిజంగానే ఈ సొటొలాన్. మెంతులు బాగా తిన్నవాళ్ళ చెమట అదో రకం వాసన రావడానికి కూడా ఇదే కారణం. న్యూయార్క్‌లో 2005 నుంచి కొన్నేళ్ళపాటు ఉన్నట్టుండి ఊరంతా మేపుల్ సిరప్ వాసన వచ్చేది, ఎవరికీ అంతు పట్టలేదు, విషవాయువేమో అని భయపడి ఫోన్లు కూడా చేశారు, చివరికి 2009లో తేల్చిందేంటంటే నది అవతల న్యూజెర్సీలో సువాసనలు తయారుచేసే ఫ్యాక్టరీలో మెంతులు ఆడిస్తున్నారు! న్యూజెర్సీలో ఉన్నంతమంది తెలుగువాళ్ళలో ఎవర్నడిగినా ఆ నాలుగేళ్ళు మిగిలేవి.

అందుకే ఒక మాట చెప్తా. వైన్ రుచి చూసేవాళ్ళ పుస్తకాల్లో ఉండే పోలికలు, గూస్‌బెర్రీ, బ్లాక్‌కరెంట్, తడిసిన పలకరాయి ఇవన్నీ మనకి సగం అర్థం కావు, అర్థం కానందుకు మనమేదో తక్కువ అనుకుని తలూపుతాం. పాత మదీరా విషయంలో ఆ ఇబ్బంది లేదు, మన వంటింటి ముక్కు దీనికి ముందే రెడీ అయ్యి ఉంది. వేయించిన మెంతులు, ఏడాది దాటి నల్లబడ్డ పాత చింతపండు, బెల్లం పాకం, ఎండు ఖర్జూరం, ఎండబెట్టిన నారింజ తొక్క, అక్రోటు పప్పు, పాత బీరువా తలుపు తీస్తే వచ్చే చెక్క వాసన. తీపీ పులుపూ చేదూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డం ఎలా ఉంటుందో ఉగాది పచ్చడి తిన్న నాలుకకి కొత్తగా నేర్పాలా.

ద్రాక్ష సంగతికొస్తే, దీవి మొత్తం అగ్నిపర్వతం రాయి, నిటారు కొండలు, వాటి మీద మెట్లు మెట్లుగా చెక్కిన చిన్న చిన్న మళ్ళు, వాటికి నీళ్ళు తెచ్చే కాలవల్ని లెవాడాలంటారు, కొండల అంచుల వెంట మైళ్ళ కొద్దీ పోతాయి. మొత్తం ద్రాక్షతోటలు 500 హెక్టార్లకి లోపే. తీగల్ని చాలాచోట్ల పందిరి మీదికి ఎక్కిస్తారు, ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్ షాహి తోటలు చూసినవాళ్ళకి అది చూడగానే మనూరు గుర్తొస్తుంది. అక్కడ ఎక్కువగా పండేది టింటా నెగ్రా అనే ఎర్ర ద్రాక్ష, మామూలు మదీరా అంతా దానితోనే. పేరున్న తెల్ల రకాలు నాలుగు, అన్నిటికంటే తక్కువ తీపి సెర్సియల్, తర్వాత వెర్డెల్యో, ఆ తర్వాత బోవల్, అన్నిటికంటే తీపి మల్వసియా. పులుస్తున్న రసంలో 96 శాతం సారాయి ఎప్పుడు పోస్తే పులవడం అప్పుడు ఆగిపోతుంది, తొందరగా పోస్తే చక్కెర మిగిలిపోతుంది, ఆలస్యంగా పోస్తే చక్కెర పులిసి అయిపోతుంది, ఆ నాలుగు మెట్లకీ కిటుకు అదొక్కటే. తయారయ్యాక ఆల్కహాల్ సుమారు 19 శాతం ఉంటుంది, కాబట్టి గ్లాసులు చిన్నవి. ఇంకో సంగతి, డ్రై అని రాసి ఉన్నా చక్కెర లేదనుకోకండి, సెర్సియల్‌లో కూడా లీటరుకి ఓ 50 గ్రాములు ఉండొచ్చు, కూల్‌డ్రింక్‌లో ఉండేదాంట్లో సగం. ఆ పులుపు ముందు అది నాలుకకి తెలీదు అంతే, చింతపండు పులుసులో బెల్లం ముక్క తెలీనట్టు.

ఈ నాలుగూ కాక ఐదోది ఉంది, నాకు పోసిన టెర్రాంతెజ్. 1851లో బూడిద తెగులు, 1872లో వేళ్ళు తినేసే ఫిలాక్సెరా పురుగు, ఇవి రెండూ వచ్చి దీవి తోటల్ని తుడిచిపెట్టేశాయి, వ్యాపారులు చాలామంది మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయారు, రైతులు తెగుళ్ళకి తట్టుకునే అమెరికా జాతి సంకరాలు నాటుకున్నారు, మన బెంగళూరు బ్లూ ద్రాక్షలో ఉన్నదీ ఆ అమెరికా జాతి రక్తమే. మళ్ళీ పాత రకాలు నాటేటప్పుడు ఏ రైతైనా బాగా కాసేది చూసుకుంటాడు కదా, టెర్రాంతెజ్ చూస్తే తోలు పల్చన, గుత్తి బిగువు, వాన పడితే కుళ్ళు, దిగుబడి తక్కువ. ఎవరు నాటతారు? దాదాపు కనుమరుగైపోయింది, ఈమధ్య మళ్ళీ కొంచెం నాటుతున్నారు. ఆ ద్రాక్ష మీద ఊళ్ళో ఒక పాత సామెత ఉంది, టెర్రాంతెజ్ పళ్ళు తినొద్దు, ఒకరికి ఇవ్వొద్దు, దేవుడు వాటిని వైన్ కోసమే చేశాడు అని. ఆఖర్న వచ్చే ఆ చేదు దాని సొంత ముద్ర. దొరకడం అరుదు కాబట్టి పొగుడుతున్నారేమో అని నాకూ అనుమానం ఉండేది, తాగాక పోయింది.

ఇక అసలు చిక్కుముడి, లేబుల్. ఇక్కడే చదువుకున్నవాళ్ళు కూడా మోసపోతారు, మోసం అంటే ఎవరో చేసిన మోసం కూడా కాదు, మనం అంకెల్ని చదివే తీరులో ఉన్న లోపం.

సీసా మీద 5, 10, 15, 20 లాంటి అంకె ఉంటే అది పుట్టిన సంవత్సరం కాదు, అందులోని ప్రతి చుక్కకీ సరిగ్గా అంత వయసుందనీ కాదు. రకరకాల ఏళ్ళ వైన్లు కలుపుతారు, 10 ఏళ్ళ మదీరా ఎలా ఉండాలో ఇది అలా ఉందా అని అక్కడి సర్కారీ సంస్థ రుచి చూసి ఒప్పుకోవాలి. (ఆ సంస్థ చూసేది వైన్ ఒక్కటే అనుకునేరు, దీవిలో చేతి ఎంబ్రాయిడరీ పనిని కూడా అదే చూస్తుంది, పేరులోనే వైన్, ఎంబ్రాయిడరీ, హస్తకళలు అని మూడూ ఉంటాయి.) ఒకే సంవత్సరం పంట అయితే రెండు పేర్లు, కొల్యేటా అంటే కనీసం 5 ఏళ్ళు పీపాలో ఉన్నది, ఫ్రస్కేయిరా అంటే ఒకే రకం ద్రాక్ష, ఒకే సంవత్సరం, కనీసం 20 ఏళ్ళు పీపాలో. వింటేజ్ అన్న మాట పోర్ట్ వైన్ వాళ్ళ సొత్తు కాబట్టి వీళ్ళు వాడరు. ద్రాక్ష పేరు కూడా ఒకప్పుడు నమ్మడానికి లేదు, సెర్సియల్ అని రాసి ఆ తరహాలో చేసిన టింటా నెగ్రా పోసేవాళ్ళు, 1993 నుంచి ఆ పేరు వేయాలంటే 85 శాతం ఆ ద్రాక్షే ఉండాలన్న నియమం గట్టిగా అమలైంది.

అన్నిటికంటే ప్రమాదకరమైంది సొలేరా. "సొలేరా 1870" అని ఉంటే గుండె ఝల్లుమంటుంది, దాదాపు నిధి దొరికినట్టే. కానీ దాని అర్థం ఆ పీపా 1870లో మొదలైందని మాత్రమే. ప్రతి ఏడూ కొంత తీసి అమ్ముతూ, ఆ ఖాళీలో కొత్త వైన్ పోస్తూ పోయారు. ఇప్పటి నియమం అయితే ఏడాదికి 10 శాతానికి మించి తీయకూడదు, అలా 10 సార్లకి మించి పోయకూడదు, ఆ తర్వాత మొత్తం సీసాల్లో పట్టేయాలి. పాతకాలంలో ఏం చేశారో ఆ పీపాకే తెలుసు. ఇంట్లో ముందురోజు పెరుగుతో ఇవాళ్టి పాలు తోడేసినట్టు, ఆ తోడు మా ముత్తవ్వ నాటిదే అని చెప్పుకోవచ్చు, అబద్ధమూ కాదు, కానీ ఆ పెరుగు మీ ముత్తవ్వ తిన్న పెరుగు మాత్రం కాదు. సొలేరాల్లో బ్రహ్మాండమైనవి ఉన్నాయి, నేను కాదనను, ఒకే పంట వైన్‌కి ఇచ్చే ధర మాత్రం ఇవ్వకండి.

ఇప్పుడు అందరూ వదిలేసే అంకె. లేబుల్ వెనకాల చిన్న అక్షరాల్లో సీసాలో పట్టిన సంవత్సరం ఉంటుంది, నన్నడిగితే ముందు చూడాల్సింది అదే. ఎందుకంటే మదీరా వయసు పెరిగేది చెక్కలో ఉన్నంతసేపే. గాజులోకి వచ్చాక అది దాదాపు నిద్రపోతుంది. బ్యాంకులో ఎఫ్‌డీ బ్రేక్ చేసిన రోజు నుంచి వడ్డీ ఆగినట్టు. 1999 కొల్యేటా అని ఉండి 2005లో సీసాలో పట్టారనుకోండి, ఈరోజు మీరు కొన్నా అది 6 ఏళ్ళ వైనే, మీరు దాన్ని ఇంకో 20 ఏళ్ళు బీరువాలో దాచినా 6 ఏళ్ళ వైనే. అదే 1977 పంటని 2015లో పట్టి ఉంటే 38 ఏళ్ళు చెక్కలో మాగినది. దోలివేయిరా అని 1850లో మొదలైన కుటుంబ కంపెనీ ఒకటి ఉంది, వాళ్ళు 19వ శతాబ్దపు పంటలు కూడా ఇప్పటికీ అమ్ముతారు, ఒక్కో పంటని ఒకేసారి సీసాల్లో పట్టేయకుండా అవసరం వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం పడతారు, అంటే ముందు పట్టిన సీసాకీ తర్వాత పట్టిన సీసాకీ ఒకే పంట సంవత్సరం ఉన్నా రెండూ ఒకటి కావు. మరీ చిక్కబడిపోయి పీపాలో పాకంలా అవుతుందనిపిస్తే పెద్ద గాజు జాడీల్లోకి మార్చేస్తారు, అక్కడితో దాని గడియారం ఆపేసినట్టే.

దీనికి అక్కడివాళ్ళు చెప్పుకునే కథ ఒకటుంది. 1815లో నెపోలియన్‌ని సెయింట్ హెలీనాకి తీసుకెళ్తున్న ఓడ ఫుంచాల్‌లో ఆగితే అక్కడి బ్రిటిష్ కాన్సుల్ ఆయనకి 1792 పంట పీపా ఒకటి ఎక్కించాడట, పాపం ఆయన కడుపునొప్పితో తాగనే లేదు, చనిపోయాక పీపా తిరిగొచ్చింది, 1840లో సీసాల్లో పట్టారు. 1950లో చర్చిల్ దీవికి వచ్చినప్పుడు ఆ సీసాల్లో ఒకటి తెరిచి, తనే అందరికీ పోశాడంటారు. కథలో ఎంత మసాలా ఉన్నా నేను చూసేది ఆ మధ్య అంకె. 1792 నుంచి 1840 దాకా 48 ఏళ్ళు. తర్వాతి 110 ఏళ్ళు ఆ సీసా ఊరికే కూర్చుంది.

తాగే పద్ధతి గురించి పెద్ద తతంగం అక్కర్లేదు. సీసాని నిలబెట్టే దాచాలి, పడుకోబెడితే ఆ పులుపూ ఆ సారాయీ కలిసి కార్క్‌ని తినేస్తాయి. ఫ్రిజ్‌లో గడ్డ కట్టించకండి, మరీ చల్లబడితే వాసన ముడుచుకుపోతుంది, తీపి తక్కువది కొంచెం చల్లగా, తీపిది గది చల్లదనంలో, మన గది కాదు లెండి, ఏసీ గది. దశాబ్దాలుగా సీసాలో ఉన్నదైతే మూత తీయగానే ఉక్కబోసిన గది వాసన వస్తుంది, కంగారు పడొద్దు, వేరే గాజు కూజాలోకి వంచి వదిలేయాలి, సీసాలో ఉన్న ఒక్కో పదేళ్ళకి ఒక్కో రోజు అని పాత లెక్క. వేరే ఏ వైన్‌కైనా అన్ని రోజులు గాలి పెడితే శవం మిగులుతుంది. చిన్న గ్లాసు, ముందు దూరం నుంచి వాసన, నెయిల్ పాలిష్ లాంటి ఘాటు కొంచెం తగిలితే పాత వాటిలో అది మామూలే, ఆ ఘాటు తప్ప ఇంకేం తెలియకపోతే మాత్రం అది చెడ్డ పీపా, లేబుల్ మీద ఎంత పాత అంకె ఉన్నా మొహమాటపడి మెచ్చుకోనక్కర్లేదు. నాలుక మీద పెట్టుకుని మింగాక టైమ్ చూసుకోండి. రుచి ఎంతసేపు ఉంటుందన్నదే నాకు తెలిసిన ఒకే ఒక నమ్మకమైన కొలత. తీపి ముందు వస్తే వచ్చింది, తర్వాత పులుపు వచ్చి నోరు కడిగేయాలి, పెదాలకి జిగట మిగిలితే ఆ వైన్‌లో ఏదో తక్కువైనట్టు.

మొదటిసారి కొనేవాళ్ళు 19వ శతాబ్దం జోలికి పోవద్దు, వందల యూరోల నుంచి వేల యూరోల దాకా పోతుంది, పైగా పోల్చడానికి నాలుక మీద ఏమీ ఉండదు. 10 ఏళ్ళ వెర్డెల్యో అర లీటరు సీసా చాలు. నేను అదే తెచ్చుకున్నా. ఉగాదికి మూత తీశా, నెలకి రెండుసార్లు రెండు చెంచాలంత పోసుకుంటూ వచ్చా, సగం సీసా ఖాళీ, అంటే లోపల సగం గాలి, హైదరాబాద్ ఎండాకాలం మొత్తం వంటింటి అలమరలో నూనె సీసా పక్కనే ఉంది. దసరాకి అమ్మానాన్న వచ్చినప్పుడు మళ్ళీ తీస్తే చుక్క తేడా లేదు. నాన్న ముట్టుకోలేదు, దూరం నుంచి చూసి దగ్గు మందు రంగులో ఉందన్నారు. అమ్మ మాత్రం గ్లాసు అందుకుని ఆవకాయ కారం చూసినట్టు రెండుసార్లు వాసన చూసింది, నేను సొటొలాన్ గురించి మొదలుపెట్టేలోపే గ్లాసు నా చేతికి తిరిగిచ్చేసి, "మెంతులు ఒక పిసరు ఎక్కువ వేగాయి" అని లోపలికెళ్ళిపోయింది.